ఇంట్లో పిల్లి ట్రేలో ఊక పోయాలా, కొన్న లిట్టర్ పోయాలా?

క్లాక్ టవర్ సెంటర్:
అందరికీ నమస్తే. మేం నల్లగొండలో రెండో అంతస్తులో అద్దెకు ఉంటాం. మా పిల్లి చింటూ, మగది, రెండేళ్ళు నిండాయి. ఊళ్ళో అమ్మ దగ్గర ఉన్నప్పుడు పెరట్లో మట్టి తవ్వుకుని పని కానిచ్చుకునేది, ఇక్కడ పెరడు ఎక్కడిది? మొదట్లో ట్రేలో పేపర్ ముక్కలు వేశాం, తర్వాత ఆన్‌లైన్‌లో గడ్డకట్టే లిట్టర్, అంటే పిల్లి ట్రేలో పోసే మట్టి, తెప్పించాం, అయిదు కిలోల సంచి పదిహేను రోజులు కూడా రాలేదు. ఈ నెల మా ఆయన మిర్యాలగూడ నుంచి మిల్లు పొట్టు, అదే ఊక, ఒక గోతం తెచ్చాడు, తెలిసినవాళ్ళు ఊరికే ఇచ్చారు. నాలుగు రోజులు బాగానే ఉంది. నిన్నటి నుంచి ట్రే వదిలేసి బాత్రూం గుమ్మం దగ్గర, గ్యాస్ సిలిండర్ వెనక కూర్చుంటోంది. నేను ఫినాయిల్ పెట్టి కడిగి కడిగి అలసిపోయాను. ఓనర్ ఆంటీ మెట్ల మీద కనిపిస్తే ముక్కు మూసుకుంటోంది. అసలు ఏది పోయాలి? పొట్టు మంచిదేనా?

మిల్లు గడ్డ:
పొట్టు మంచిదేనా అని మిర్యాలగూడ వాళ్ళను అడుగుతున్నావా బిడ్డా! ముప్పై ఏళ్ళు మిల్లులో పనిచేశాను. ఊకంత శుభ్రమైనది ఇంకోటి లేదు, పురుగు పట్టదు, తొందరగా కుళ్ళదు, తేలిక, పారేస్తే నేలలో కలిసిపోతుంది. మూడు అంగుళాల మందం పోసి రెండు రోజులకోసారి మొత్తం మార్చు. వాసన ఎక్కువైతే బాయిలర్ బూడిద ఒక దోసెడు అడుగున చల్లు. డబ్బులు పెట్టి మట్టి కొనుక్కోవడం ఏంటో నాకు అర్థం కాదు. మనది మట్టి లేని దేశమా?

పాలమూరు గడప:
క్లాక్ టవర్ అక్కా, పొట్టు వద్దు. ఊక తడి పీల్చదు. వడ్లకు దేవుడిచ్చిన రెయిన్‌కోట్ అది, దాని నిండా ఇసుకలో ఉండే సిలికా, నీళ్ళు పోస్తే పైకి తేలుతుంది. ఉచ్చ మొత్తం కిందికి జారి ట్రే అడుగున నిలుస్తుంది. దాంట్లో ఉన్న యూరియాను బ్యాక్టీరియా విరగ్గొడితే అమ్మోనియా వస్తుంది, మీ ఓనర్ ఆంటీ ముక్కుకు తగిలేది అదే. గడ్డకట్టే లిట్టర్ అంటే బెంటొనైట్ మట్టి, తడి తగలగానే ఉబ్బి ముద్ద కడుతుంది, ఆ ముద్దను జల్లెడ గరిటెతో ఎత్తి పారేస్తే మిగతాది శుభ్రంగానే ఉంటుంది. సెంటు కలిపింది మాత్రం కొనొద్దు, మనకు మల్లెపూల వాసన, దానికి తలనొప్పి.

దేవరకొండ బస్సు:
పిల్లికి మట్టి కొనేవాళ్ళు ఉన్నారంటే మా తాత నమ్మడం లేదు. పక్కనే కూర్చుని ఇది చదివించుకుంటున్నాడు.

రాత్రి డ్యూటీ:
క్లాక్ టవర్ గారూ, రోజుకు ఎన్నిసార్లు కూర్చుంటోంది? కూర్చున్న ప్రతిసారీ వస్తోందా?

ఆలేరు అత్త:
పొట్టులో తవుడు కలిసి ఉంటే చీమలు పడతాయమ్మా. మా ఇంట్లో అట్లే అయింది, ట్రే నిండా చీమలే, పిల్లి కాలు పెట్టలేదు.

మిల్లు గడ్డ:
తవుడు వేరు, ఊక వేరు! ఊక అంటే వడ్ల పైపెంకు. తవుడు దాని లోపలి పొర, బర్రెలకు పెట్టేది, నూనె తీసేది. ఈ రెండూ వేర్వేరు గొట్టాల్లో పోతాయి. మిల్లు ముఖం చూడనివాళ్ళు మిల్లు గురించి రాయొద్దని మనవి.

ఆలేరు అత్త:
మరి చీమలు ఎందుకు వచ్చాయి?

మిల్లు గడ్డ:
మీకు ఇచ్చినవాడు ఊక ఇవ్వలేదు. చిన్న పిండిగిర్నీ నుంచి తెచ్చుకుని ఉంటారు, అక్కడ రెండూ ఒకే దాంట్లో పడతాయి. అది మా మిల్లుల తప్పు కాదు.

రేగడి నేల:
మాది అలంపూర్ వైపు. బెంటొనైట్ అని ఏదో అమెరికా మందులాగా చెబుతున్నారు, దాంట్లో ఉండే ముఖ్యమైన ఖనిజం మాంట్‌మొరిల్లొనైట్, మా నల్లరేగడిలో ఉండేదీ అదే. అందుకే వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి పట్టేంత పగులు ఇస్తుంది. నా డిగ్రీలో చదివిన ఒక్క ముక్క ఇప్పుడు పనికొచ్చింది. చెల్క నేలల వాళ్ళకు ఆ అదృష్టం లేదు, మేం మాత్రం కొనాల్సిన పని లేదు.

పాలమూరు గడప:
అన్నా, ఖనిజం పేరు ఒకటే కానీ రకం వేరు. గడ్డకట్టే లిట్టర్‌కు సోడియం బెంటొనైట్ కావాలి, మన దేశంలో కచ్ఛ్, బార్మేర్ వైపు దొరుకుతుంది. మన రేగడిలో ఎక్కువగా కాల్షియం రకం, అంత ఉబ్బదు, పైగా సగం ఇసుక, ఒండ్రు. మీరు నిజంగా వేసి చూశారా?

రేగడి నేల:
వేశాను. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నా, పిల్లి నాలుగు కాళ్ళకు నాలుగు ఉండలు అంటుకున్నాయి, ఆ కాళ్ళతోనే కొత్త దుప్పటి మీదికి ఎక్కింది, మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కానీ సూత్రం కరెక్టే.

జడ్చర్ల జంక్షన్:
మధ్యలో వస్తున్నాను, సారీ. మా ఆవిడకు అయిదో నెల. పిల్లి ఉంటే కడుపులో బిడ్డకు ప్రమాదం, ఎక్కడైనా వదిలేసి రమ్మని అత్తగారు రోజూ టెన్షన్ పెడుతున్నారు. ఏ లిట్టర్ వాడితే ఆ ప్రమాదం ఉండదు?

రాత్రి డ్యూటీ:
లిట్టర్‌తో సంబంధం లేదు. అది టాక్సోప్లాస్మా అనే కంటికి కనపడని క్రిమి, పిల్లి దొడ్డికి పోయినప్పుడు వచ్చే గుడ్లు అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. రోజూ ఎత్తేస్తే సగం గొడవ పోతుంది. మీ ఆవిడ ట్రే ముట్టుకోకూడదు, మీరే ఎత్తాలి. పచ్చి మాంసం పెట్టొద్దు, పిల్లిని బయటికి వదలొద్దు, మీ డాక్టరమ్మకు కూడా ఒకమాట చెప్పండి. వదిలేయాల్సిన పని లేదు.

ఆలేరు అత్త:
అసలు ప్రశ్న అదే కదా, ట్రే ఎత్తేది ఎవరు? పిల్లిని తెచ్చేవాళ్ళు ఒకరు, ముద్దు చేసేవాళ్ళు ఒకరు, చీపురు పట్టేది మాత్రం మేము.

మిల్లు గడ్డ:
పాలమూరు అమ్మకు ఒక మాట. ఊక పీలుస్తుందా లేదా అని మీరు చెప్పడం కాదు, వేసి చూడండి. బూడిద కలిపితే ఎందుకు పీల్చదు? వేల ఏళ్ళ నుంచి పిల్లులు బూడిదలోనే, ఇసుకలోనే పోసుకున్నాయి.

పాలమూరు గడప:
కాకా, అమెరికావాళ్ళు కూడా బూడిదే వాడేవాళ్ళు. 1947లో ఒకామె, పిల్లి బూడిద కాళ్ళతో ఇల్లంతా నల్లగా తొక్కుతోందని ఎడ్ లో అనే కుర్రాడి దగ్గరికి వచ్చి ఇసుక అడిగింది. అతను ఫ్యాక్టరీల్లో నూనె మరకలు పీల్చే మట్టి ఇచ్చాడు. ఈ లిట్టర్ వ్యాపారం మొదలైంది అక్కడే. బూడిదతో ఉన్న ఇబ్బంది వల్లనే ఇది పుట్టింది. పైగా బాయిలర్ బూడిద మెత్తటి దుమ్ము, పిల్లి తవ్వినప్పుడల్లా అదీ పీలుస్తుంది, మనమూ పీలుస్తాం.

మిల్లు గడ్డ:
ముప్పై ఏళ్ళు పీల్చాను. ఉన్నాను కదా.

క్లాక్ టవర్ సెంటర్:
మిమ్మల్నందరినీ ఇబ్బంది పెడుతున్నట్టున్నాను. రాత్రి డ్యూటీ గారూ, ఇందాక మీరు అడిగింది ఇప్పుడే చూశాను. పొద్దున్నుంచి పది పన్నెండు సార్లు కూర్చుంది. ప్రతిసారీ చుక్కో రెండు చుక్కలో. ఇప్పుడు అదీ లేదు. కూర్చుని ఒక రకంగా అరుస్తోంది. పొట్టు గుచ్చుకుంటోందేమో అనుకుని ట్రే ఖాళీ చేశాను.

రాత్రి డ్యూటీ:
ఊక, మట్టి అన్నీ పక్కన పెట్టండి. మగపిల్లికి మూత్రనాళం సన్నగా ఉంటుంది, ఇసుకలాంటి రాళ్ళో, జిగురో అడ్డుపడితే మూసుకుపోతుంది. ఉచ్చ లోపలే ఆగితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. పొద్దున దాకా ఆగొద్దు. ఇప్పుడే ఫోన్ చేసి, తెరిచి ఉన్న పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. పొట్ట నొక్కి చూడొద్దు. ఫినాయిల్ ఇవాళే ఆపండి, ఆ మందులు పిల్లి కాలేయం అరిగించుకోలేదు, కాళ్ళకు అంటింది నాకేస్తుంది.

దేవరకొండ బస్సు:
తాత కూడా "పొండి పొండి" అంటున్నాడు.

మిల్లు గడ్డ:
ముందు తీసుకుపో బిడ్డా. ఒకటి మాత్రం తేలింది, తప్పు ఊకది కాదు.

పాలమూరు గడప:
కాకా, మీకు ఇప్పుడు కూడా ఊక గెలవడమే కావాలా? గడ్డకట్టేది పోసి ఉంటే నిన్న సాయంత్రమే తెలిసేది. నేను రోజూ గడ్డలు లెక్కపెడతాను, మా దానికి పూటకొకటి, రెండు. ఒకరోజు గడ్డే లేకపోతే ఏదో జరిగిందని ఆ గంటే తెలుస్తుంది. ఊకలో పోస్తే కిందికి జారిపోయిందో, అసలు పోయలేదో ఎవరికి తెలుస్తుంది? ఆ అక్క రెండు రోజులు వాసన గురించి పరేషాన్ అయింది, పిల్లి గురించి కాదు, ఎందుకంటే చూడడానికి అక్కడ ఏమీ లేదు.

మిల్లు గడ్డ:
గడ్డలు లెక్కపెట్టడమే పనిగా పెట్టుకున్నవాళ్ళకు నేనేం చెప్పను. పిల్లిని నాలుగు గోడల మధ్య మూసి, ఎండు బిళ్ళలు పెట్టి, నీళ్ళు తాగకుండా బలిపించి, రోగం వచ్చాక మట్టిలో చూసి కనిపెట్టామని సంబరం! మా గోదాంలో పదిహేను పిల్లులు ఉండేవి, ఎలుకల కోసం. ఒక్కదానికి ట్రే పెట్టలేదు, ఒక్కదానికీ ఈ రోగం రాలేదు.

రాత్రి డ్యూటీ:
ఎండు తిండి, తక్కువ నీళ్ళు, కదలకుండా ఇంట్లోనే ఉండడం, వీటివల్ల ఈ జబ్బు ఎక్కువే, ఆ మాట నిజం. కానీ గోదాం పిల్లికి వచ్చిందో లేదో మీకు తెలియదు కాకా, జబ్బు చేసిన పిల్లి కనపడకుండా పోతుంది, అంతే.

పాలమూరు గడప:
అదే చెప్పబోతున్నా. పదిహేనులో ఎన్ని పోయాయో లెక్క ఉందా? మా మొదటి పిల్లిని బయటికి వదిలేదాన్ని, మీలాగే, పిల్లి అంటే తిరగాలి కదా అని. ఒకరోజు రాలేదు. మూడో రోజు గోడ కింద దొరికింది, పొట్ట ఉబ్బి, నోట్లో రక్తం. వీధిలో ఎవరో ఎలుకల మందు పెట్టారు, ఆ ఎలుకను తిన్నది. ఆ రోజు నుంచి మా ఇంటి తలుపుకు కింద కూడా గొళ్ళెం. నెలకు ఆరేడు వందలు మట్టికే పోతాయి, మా అత్తగారు నవ్వుతారు, వీధివాళ్ళు నవ్వుతారు, ఇప్పుడు మీరు.

రేగడి నేల:
అక్కా, సారీ. ఆ మాట ముందే చెప్తే రేగడి సంగతి ఎత్తేవాణ్ణి కాదు.

మిల్లు గడ్డ:
నేను నవ్వలేదమ్మా. మా అబ్బాయి హైదరాబాద్‌లో తొమ్మిదో అంతస్తులో ఒక పిల్లిని పెంచుతున్నాడు. ఆపరేషన్ అయ్యాక నన్నూ మూడు నెలలు అక్కడే ఉంచారు. పొద్దున్నే వాళ్ళు ఆఫీసులకు పోతే నేను, అది. కిటికీకి వల కొట్టారు, పావురాలు రాకుండా. అది ఆ వల దగ్గర కూర్చుని బయటికి చూసేది, నేను కుర్చీలో కూర్చుని దాన్ని చూసేవాణ్ణి. ఇద్దరికీ టైముకు గిన్నెలో పెట్టేవాళ్ళు, ఏ లోటూ చేయలేదు. ఆ ఖరీదైన మట్టి నేనే ఎత్తేవాణ్ణి, రోజుకు రెండుసార్లు. గడ్డకడుతుందని నాకూ తెలుసు.

పాలమూరు గడప:
అయినా నేను తలుపు తెరవను కాకా.

మిల్లు గడ్డ:
తెరవమని నేను అనలేదు. ఊక పారేయమంటే ఒప్పుకోనన్నాను.

ఆలేరు అత్త:
ఆ చీమల సంగతి ఇంకా తేలలేదు.

క్లాక్ టవర్ సెంటర్:
మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. ఆ రాత్రే తీసుకెళ్ళాం. గొట్టం వేసి తీశారు, ఎర్రగా వచ్చింది, చూడలేకపోయాను. ఇంకో అర్ధరోజు ఆగితే కష్టమయ్యేదన్నారు. గొట్టం నిన్న తీశారు, ఇంటికి తెచ్చాం. తడి తిండి పెట్టమన్నారు, మూడు చోట్ల నీళ్ళ గిన్నెలు, ట్రేలు రెండు. ఒక్క పిల్లికి రెండెందుకంటే, ఒకటి నచ్చకపోతే ఇంకోటి ఉండాలట. సెంటు లేని సన్న గడ్డకట్టేది కొన్నాం, ముందులాగా మొత్తం పారబోయకుండా గడ్డ వరకే తీస్తున్నాను, ఇట్లా అయితే నెల వచ్చేలా ఉంది. తీసింది కవర్లో కట్టి చెత్త బండికే ఇస్తున్నాను, బాత్రూంలో పోస్తే పైపులో ఉబ్బి కూర్చుంటుందని పక్కింటివాళ్ళ అనుభవం. ఆంటీకి విషయం చెప్పాను, ఆమెనే పొద్దున ఒకసారి పైకి వచ్చి చూసి పోయింది.

మిల్లు గడ్డ:
సంతోషం బిడ్డా. ఊక వల్ల వచ్చిందని డాక్టరు అన్నాడా? అది ఒక్కటి రాయి.

క్లాక్ టవర్ సెంటర్:
ఊక గురించి అడగడం మర్చిపోయాను కాకా. గోతం బాల్కనీలోనే ఉంది. పొద్దున్నుంచి ట్రేలో మూడు గడ్డలు, ఒకటి నిమ్మకాయంత.