పాత కోత మిషన్లకు ఆయిలు పాళ్లు: పాతికకు ఒకటా, యాభైకి ఒకటా?

కొత్తపేట_కోత:
చెట్లు కోసే గొలుసు రంపం, స్టిల్ 070, 106 సీసీ, పాయింట్ల ఇగ్నిషన్ది బాగుచేస్తున్నామండి. క్రాంక్ సీల్సు, డయాఫ్రమ్ కిట్టు, పెట్రోలు పైపు కొత్తవి. కోతకు వచ్చేవి ఎక్కువగా సరుగుడు, గాలివానకు పడ్డ మామిడి దుంగలు. పాత పుస్తకంలో కంపెనీ ఆయిలైతే 50:1 (యాభై పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిలు), వేరే ఆయిలైతే 25:1 అని ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ-20 పెట్రోలు, అంటే 20 శాతం ఇథనాలు కలిపినది. ఏ పాళ్లు ఖాయం చేసుకోవాలో చెప్పండి.

గట్టుమీద_షెడ్డు:
25:1 వాడండి. లీటరుకు 40 మి.లీ. క్రాంక్ బేరింగుకూ కనెక్టింగ్ రాడ్ బేరింగుకూ ఆయిలు అందేది ఈ మిశ్రమంలోంచే, వేరే దారి లేదు. పెద్ద బారు (గొలుసు తిరిగే పట్టీ) వేసి మామిడి మొదలు కోస్తుంటే నిమిషాల తరబడి నిండు లోడు మీద ఉంటుంది. ఇంకోటి, మన డెల్టా తేమలో మిషను రెండు నెలలు మూల పడితే బేరింగుకు తుప్పు పడుతుంది. ఆయిలు పొర దళసరిగా ఉంటే ఆ తుప్పు ఆగుతుంది.

లంక_తోట:
షెడ్డుగారూ, తుప్పు మాట నిజమే గానీ మందు అది కాదండి. మూల పెట్టేముందు ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి, ప్లగ్గు రంధ్రంలో టీస్పూను ఆయిలు పోసి తాడు రెండుసార్లు నెమ్మదిగా లాగితే చాలు.

పుస్తకంలోని మాటే మళ్లీ చదవండి. నమ్మకమైన ఆయిలైతే ఆ మిషనుకే 50:1 అన్నారు. అంటే పాళ్లు మిషను వయసును బట్టి కాదు, ఆయిలు నాణ్యతను బట్టి. 25:1 అన్నది ఏ ఆయిలు పోస్తారో తెలియదు కాబట్టి పెట్టిన జాగ్రత్త. జాసో ఎఫ్‌డీ గుర్తు (టూ-స్ట్రోక్ ఆయిలు నాణ్యతకు జపాన్ ప్రమాణంలో పై మెట్టు) ఉన్న ఆయిలు లీటరుకు 20 మి.లీ. చాలు. నాసిరకం ఆయిలు 40 మి.లీ. పోస్తే ఎగ్జాస్ట్ రంధ్రంలో మసి గడ్డకడుతుంది, రింగు గాడిలో ఇరుక్కుంటుంది, ప్లగ్గు తడుస్తుంది.

రేవు_మెకానిక్:
ఒక్క మాట. అంతర్వేది, నరసాపురం వైపు పడవ మోటార్లకు వాడే టీసీ-డబ్ల్యూ3 ఆయిలు చేతికి దొరుకుతుంది కదా అని కోత మిషనులో పోయకండి. అది నీళ్లతో చల్లబడే ఇంజిన్లకు చేసిన ఆయిలు. గాలితో చల్లబడే సిలిండరు వేడికి తట్టుకోదు. ఎంత పాళ్లలో పోసినా అంతే.

గట్టుమీద_షెడ్డు:
ఎఫ్‌డీ ఆయిలు ఉన్నచోట 40:1 దాకా, అంటే 25 మి.లీ. దాకా ఒప్పుకుంటా. 50:1కి మాత్రం ఒప్పుకోను. కొలత పాత్ర లేకుండా సీసా మూతతో పోసేచోట 50:1 అనుకున్నది 70:1 అవుతుంది.

సైలెన్సర్_లేని_మిషను:
ఇద్దరూ అసలు విషయం వదిలేశారండి. మిశ్రమంలో ఆయిలు పెరిగితే కార్బురేటర్లో అదే జెట్టులోంచి (సన్న రంధ్రంలోంచి) వెళ్లే పెట్రోలు తగ్గుతుంది, మిశ్రమం పలచబడుతుంది, అంటే పెట్రోలుకు గాలి ఎక్కువవుతుంది. 50:1 నుంచి 25:1కి మారితే ఆ తేడా రెండు శాతం లోపే. ఈ-20తో వచ్చే తేడా అంతకంటే చాలా పెద్దది. ఉత్త పెట్రోలుకు కిలోకు 14.7 కిలోల గాలి కావాలి, ఈ-20కి సుమారు 13.5 చాలు. అంటే పాత సెట్టింగ్ మీదే నడిపితే ఎనిమిది శాతం పలచన. దాని మీద 25:1 పోసి, కార్బురేటర్ స్క్రూ ముట్టుకోకపోతే, కాపాడదామని పోసిన ఆయిలే వేడి పెంచుతుంది. పిస్టన్ ఎగ్జాస్ట్ వైపు గీతలు పడి పట్టేస్తుంది.

మన దగ్గర వానాకాలంలో ఇంకో ప్రమాదం. ఈ-20 గాలిలోని తేమను లాగుతుంది. నీరు మితి మీరితే నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగుతాయి, ఆయిలు మాత్రం పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది. ట్యాంకు ఫిల్టరు ఉండేది అడుగునే. ఆయిలు లేని ఆ పొరనే ఇంజిను ముందు తాగుతుంది. అప్పుడు 25:1 అయినా 16:1 అయినా పట్టేస్తుంది. అందుకే రెండు వారాలకు సరిపడా మాత్రమే కలుపుకోండి, డబ్బా అంచుదాకా నింపి మూత బిగించండి. పాత రబ్బరు పైపు ఈ-20కి ఉబ్బి మెత్తబడుతుంది. దాన్ని తట్టుకునే వైటాన్ రబ్బరు పైపు వేయండి.

కొత్తపేట_కోత:
మరి స్క్రూలు ఎలా పెట్టాలండి? టాకోమీటరు లేదు.

సైలెన్సర్_లేని_మిషను:
ముందు గాలి లీకు పరీక్ష. సైలెన్సర్ విప్పి ఇంటేకు, ఎగ్జాస్ట్ రంధ్రాలు రెండూ రబ్బరు పలకతో మూసి 0.5 బార్ ఒత్తిడి పెట్టండి, సబ్బు నురుగు రాయండి. తర్వాత అంతే వాక్యూమ్. ఒత్తిడికి ఆగిన సీలు వాక్యూమ్‌కు వదిలేయడం మామూలే, రెండూ చేయాలి. పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మి.మీ.

కార్బురేటర్ మీది హెచ్ (ఎక్కువ వేగానికి), ఎల్ (తక్కువ వేగానికి) స్క్రూలు రెండూ బిగించకుండా అడుగు తాకేదాకా తిప్పి, ఒక్కో చుట్టు వదలండి. నాలుగు నిమిషాలు వేడెక్కాక ఎల్ స్క్రూ నెమ్మదిగా లోపలికి తిప్పి, వేగం గరిష్ఠానికి చేరాక పావు చుట్టు వెనక్కి. గొలుసు తిరగకుండా ఐడిలింగ్ స్క్రూ సర్దండి. ఇక హెచ్: చెక్క తగలకుండా ఫుల్ రేసు కొన్ని సెకన్లే ఇవ్వండి, గరగరమంటూ తడబడాలి. చెక్కలోకి దిగగానే ఆ గరగర పోయి ధ్వని నునుపవ్వాలి. లోడు లేకుండానే నునుపుగా కేక పెడితే పలచన, ఎనిమిదో వంతు చుట్టు వదలండి. గొలుసు మొద్దుగా ఉంటే ఈ పరీక్ష తప్పు చూపిస్తుంది.

లంక_తోట:
ఈ చెవి పరీక్ష పాళ్లు మార్చిన ప్రతిసారీ చేయాలి. అది ఒప్పుకుంటే 40:1కి నేనూ దిగుతా, షెడ్డుగారూ.

గట్టుమీద_షెడ్డు:
ఆయ్, స్క్రూ సర్దమన్నది సబబే. కానీ రింగు కొత్తదైతే మొదటి నాలుగైదు ట్యాంకులూ 25:1 మీదే నడపమంటాను. ఆ తర్వాత 25 మి.లీ.కి దించి, హెచ్ స్క్రూ మళ్లీ చూసుకోమనండి.