క్యాన్ లైన్ కోడ్ వస్తే ముందు మీటర్ పట్టాలా, ల్యాప్‌టాప్ తెరవాలా?

నైట్‌షిఫ్ట్:
మా దగ్గర రోజూ ఇదే గొడవ, కాస్త మీరే తేల్చండి. 20 టన్నుల ఎక్స్‌కవేటర్. పని మధ్యలో మానిటర్ మీద కమ్యూనికేషన్ ఎర్రర్ పడుతుంది, ఇంజిన్ ఐడిల్‌కి పడిపోతుంది. కీ ఆపి మళ్లీ వేస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. సర్వీస్‌కి వచ్చినతను ల్యాప్‌టాప్ పెట్టి, ఎస్‌పీఎన్ 639 కోడ్ చూసి, ఇంజిన్ కంట్రోలర్ (ఇంజిన్ని నడిపే చిన్న కంప్యూటర్) పోయిందన్నాడు. కొత్తది వేశారు. మూడో రోజు మళ్లీ అదే కథ. మా సీనియరేమో "మీటర్ పట్టకుండా ల్యాప్‌టాప్ తెరిచేవాడు మెకానిక్కే కాదు" అంటాడు. ఆయన కొలిస్తే సరిగ్గా 60 ఓమ్‌లు వచ్చింది. మరి ఇద్దరిలో ఎవరిది తప్పు?

పాతమీటర్:
మీ సీనియర్ మాటే కరెక్ట్. క్యాన్ అంటే కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లైన్: మెలితిప్పిన రెండు వైర్లు, హై, లో. రెండు చివర్లా ఒక్కో 120 ఓమ్‌ల రెసిస్టర్. తొమ్మిది పిన్నుల డయాగ్నస్టిక్ సాకెట్‌లో సీ, డీ పిన్నుల మధ్య కొలిస్తే 60 రావాలి. 120 వస్తే ఒక చివర తెగినట్టు. 40 వస్తే ఎవరో మూడో రెసిస్టర్ పెట్టారని. సున్నాకి దగ్గరైతే రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుతున్నాయి. రెండు నిమిషాల పని ఇది. ఇక 639 అంటే నెట్‌వర్క్‌లో ఏదో గొడవ ఉందని మాత్రమే. ఆ కోడ్ చూసి కంట్రోలర్ మార్చడం, జ్వరం వచ్చిందని తల మార్చడం లాంటిది.

ల్యాప్‌టాప్ మేస్త్రి:
60 వచ్చింది కదా, దానివల్ల ఏం తేలింది అన్నా? మెయిన్ లైన్ నుంచి ఒక కంట్రోలర్‌కి వెళ్లే కొమ్మ వైరు తెగినా, రెసిస్టర్లు మెయిన్ లైన్ చివర్లలో ఉంటాయి కాబట్టి మీటర్ హాయిగా 60 చూపిస్తుంది. హై వైరు బాడీకి తగిలినా హై, లోల మధ్య అదే 60. ల్యాప్‌టాప్‌లో నేను చూసేది ఒక్క కోడ్ కాదు. ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేస్తున్నారన్నది చూస్తా. మానిటర్, పంప్ కంట్రోలర్ రెండూ "ఇంజిన్ కనబడట్లేదు" అంటూ, వాటిలో అవి మాత్రం బాగానే మాట్లాడుకుంటుంటే, తప్పు ఇంజిన్ వైపు వెళ్లే వైర్లలో ఉంది. అందరూ అందర్నీ తిడుతుంటే మెయిన్ లైన్‌లో. కాగితం మీద గీసుకుంటే ఏ హార్నెస్ (వైర్ల కట్ట) విప్పాలో తెలిసిపోతుంది. ఆ సర్వీస్ అతని తప్పు ల్యాప్‌టాప్ తెరవడం కాదు, మొదటి కోడ్ దగ్గరే మూసేయడం.

పాతమీటర్:
మీటరంటే ఓమ్‌లు ఒక్కటేనా? కీ వేసి హై నుంచి బాడీకి, లో నుంచి బాడీకి వోల్టులు కూడా చూస్తాం. హై రెండున్నరకి కాస్త పైన, లో కాస్త కింద, రెండూ కలిపితే 5 దగ్గర ఉండాలి. హై బాడీకి తగిలి ఉంటే అక్కడే సున్నా కనబడుతుంది. ఇదంతా చేయనివాళ్లని చూసి మీటర్‌ని తిట్టకండి.

స్కోప్ బాబాయ్:
ఆ వోల్టులు సగటు లెక్క, పాతమీటర్ గారూ. జే1939 (పెద్ద బండ్లలో వాడే క్యాన్ పద్ధతి) లైన్ మీద మామూలుగా సెకనుకి రెండున్నర లక్షల బిట్లు పోతుంటాయి. హై 2.5 నుంచి 3.5కి, లో 2.5 నుంచి 1.5కి ఎగిరి దిగుతుంటాయి. మధ్యలో క్షణంపాటు తెగితే మీ మీటర్‌కి ఏం తెలుస్తుంది? స్కోప్ (వోల్టుల ఎగుడుదిగుళ్లు గీతలా చూపించే పరికరం) తగిలించి చూడాల్సిందే.
కీ ఆపి వేస్తే ఎందుకు బాగవుతుందంటే, ప్రతి కంట్రోలర్‌లో పంపడంలో తప్పులు లెక్కపెట్టే కౌంటర్ ఉంటుంది. అది 255 దాటితే ఆ కంట్రోలర్ తనంతట తానే లైన్ నుంచి తప్పుకుంటుంది. దాన్నే బస్-ఆఫ్ అంటారు. కొన్ని కీ ఆపి వేసేదాకా తిరిగి రావు. 'ఏమీ ఎరగనట్టు' నడవడం వెనక ఇది కూడా ఉండొచ్చు.

హార్నెస్ పిచ్చోడు:
నేను ఎవరి పార్టీ కాదు, రెండు పార్టీలూ చేసిన డ్యామేజీ బాగుచేసేవాణ్ణి. గుండుసూదితో వైరు గుచ్చి కొలుస్తారు. ఆ చిన్న బొక్కలోంచి తడి దిగి, కొన్నాళ్లకి లోపల రాగి పచ్చగా పిండి అయిపోతుంది. లావుపాటి ప్రోబ్ ముందునుంచి పిన్నులోకి దూరిస్తే పిన్ను వదులవుతుంది. అప్పటిదాకా లేని ఫాల్ట్ ఆరోజు పుడుతుంది. ఓమ్‌లు కొలవాలంటే కీ ఆపితే చాలదు, మెయిన్ కట్-ఆఫ్ (బ్యాటరీ స్విచ్) తీసి కాసేపు ఆగాలి. ట్రాకింగ్ బాక్స్ లాంటివి కీ లేకపోయినా మేల్కొనే ఉంటాయి, రీడింగ్ పిచ్చిపిచ్చిగా వస్తుంది.
ఇంకో మాట. కొన్ని మెషిన్లలో ఒక చివరి రెసిస్టర్ ఇంజిన్ కంట్రోలర్ లోపలే ఉంటుంది. దాని సాకెట్ పీకి కొలిచి "120 వచ్చింది, లైన్ తెగింది" అని రోజంతా హార్నెస్ విప్పినవాళ్లని చూశాను.

క్యాబిన్ నుంచి:
ఆపరేటర్ని. మీరందరూ ఇన్ని రాశారు, ఎర్రర్ ఎప్పుడు వస్తోందని ఆ బండి నడిపేవాణ్ణి ఒక్కరైనా అడిగారా? నా బండిలో స్వింగ్ (బండి పైభాగం తిరగడం) గట్టిగా ఆపినప్పుడే వచ్చేది. నెల రోజులు చెప్పాను, ఎవరూ వినలేదు. చివరికి సీటు వెనక ప్యానెల్ విప్పితే, హార్నెస్ బ్రాకెట్ అంచుకి రాసుకుని పచ్చ వైరు తోలు లేచి ఉంది. బియ్యపుగింజంత రాగి బయటికి కనబడుతోంది, అంతే.

నైట్‌షిఫ్ట్:
ఆపరేటర్ గారి మాట పట్టుకుని మావాణ్ణి అడిగా. బకెట్ రాతిలో దిగబడి ఇంజిన్ గట్టిగా ఊగినప్పుడే వస్తుందట! మాకు ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి. నిన్న రాత్రి ల్యాప్‌టాప్ పెడితే మానిటర్, పంప్ కంట్రోలర్ రెండూ ఇంజిన్ మీదే ఫిర్యాదు, ఇంజిన్ కంట్రోలర్‌కి ఆ రెండూ కనబడలేదట. కట్-ఆఫ్ తీసి, సీ, డీల మధ్య మీటర్ పెట్టి, ఫ్రేమ్ నుంచి ఇంజిన్ మీదకి ఎక్కే దగ్గర హార్నెస్‌ని చేత్తో ఊపాను. 60, 60, 120, 60. క్లాంప్ ఊడిపోయి ఉంది. టేపు విప్పితే పైన తోలు బాగానే ఉంది, లోపల రాగి తెగింది. నిశ్చలంగా ఉంటే రెండు ముక్కలూ ఆనుకునే ఉంటున్నాయి. సీనియర్ 60 కొలిచింది అందుకే.

పాతమీటర్:
చూశారా, చివరికి మీటరే పట్టింది.

ల్యాప్‌టాప్ మేస్త్రి:
ఏ హార్నెస్ ఊపాలో ఎవరు చెప్పారన్నా?

హార్నెస్ పిచ్చోడు:
ఆ వైరు మెలికలు అలాగే ఉంచి అతుకు వేయండి. విప్పి సాపుగా అతికితే నాయిస్ ఎక్కుతుంది. క్లాంప్ మర్చిపోకండి, లేకపోతే మళ్లీ ఇక్కడికే వస్తారు.

నైట్‌షిఫ్ట్:
అతుకు వేశాం, క్లాంప్ కూడా. పొద్దున్నుంచి రాతిలోనే పని, ఇంతవరకు ఎర్రర్ లేదు. ఇప్పుడు ఓనర్ కొత్త ప్రశ్న వేస్తున్నాడు: తీసేసిన పాత కంట్రోలర్ బాగానే ఉన్నట్టేగా, దాన్ని ఏం చేద్దాం అని. సర్వీస్ వాళ్లు ఫోన్ ఎత్తట్లేదు.