వర్తూరులో చెరువు గడ్డి మేసిన ఆవుల పాలు తాగవచ్చా?

వర్తూరు నివాసి: మేము బెంగళూరులో వర్తూరు చెరువు దగ్గర ఉంటూ, పక్క వీధిలోని పాకలో పాలు పోయించుకుంటున్నాము. మురుగునీటితో పెరిగిన గడ్డిని ఆ ఆవులకు వేస్తున్నారని ఈ మధ్యే గమనించాను. కాచి తాగితే సరిపోతుందా?

పశువైద్య విద్యార్థి: కాచడం వల్ల క్రిములు చస్తాయి గాని, సీసం, కాడ్మియం వంటి భార లోహాలు పోవు, అవి మురుగునీటి నుంచి గడ్డిలోకి, గడ్డి నుంచి పశువు శరీరంలోకి చేరి, కొంత మేరకు పాలలోకీ దిగుతాయి. చిన్నపిల్లలు ఉంటే వెంటనే మానేయండి.

అనంతపురం రైతుబిడ్డ: పాడిని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదండి. మా ఊళ్లో నాలుగు గేదెల పేడ పొలానికి ఎరువు. ఇక్కడ పొలమే లేదు కనుక అదే పేడ కాలువల గుండా చెరువులో పడి, అందులోని నత్రజని, భాస్వరాలతో గుర్రపుడెక్కను పెంచుతుంది. అయినా చెరువును నింపింది ప్రధానంగా మన నగరపు మురుగే కదా!

మారతహళ్లి పాఠకుడు: ఆవుల త్రేన్పుల్లో వెలువడే మీథేన్ మాటేమిటి? వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 27 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. భూమిని వేడెక్కించే వాయువుల మానవ కారక ఉద్గారాలలో 14.5 శాతం పశుపోషణదేనని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో లెక్కగట్టింది.

వర్తూరు నివాసి: పాలాయనను అడిగాను. గడ్డి చెరువు గట్టుదేనట. ఎండుగడ్డి కొంటే గిట్టుబాటు కాదన్నారు. రేపటి నుంచి పాలు వేరేచోట తీసుకుంటున్నాము.