డీ-అడిక్షన్ సెంటర్‌లో కౌన్సిలర్‌గా చేరుతున్నాను, అసలు ట్రైనింగ్ ఎక్కడ దొరుకుతుంది?

ఇందూరు_ఎంఎస్‌డబ్ల్యూ:

అందరికీ నమస్తే. మాది నిజామాబాద్ పక్కన పల్లె. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) అయిపోయింది, వచ్చే నెల నుంచి ఒక ప్రైవేట్ డీ-అడిక్షన్ సెంటర్‌లో కౌన్సిలర్‌గా చేరాలి. ఇంటర్వ్యూలో నైట్ డ్యూటీలు చేస్తావా, బండి నడపడం వచ్చా అని అడిగారు, అంతే. ట్రైనింగ్ ఇస్తారా సార్ అంటే పాత కౌన్సిలర్ పక్కన వారం రోజులు కూర్చో, అదే వచ్చేస్తుందమ్మా అన్నారు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. కాలేజీలో వ్యసనాల గురించి ఒక్క యూనిట్ చెప్పారు, పరీక్షలో రాసేశాను కూడా. కానీ చేతులు వణుకుతున్న మనిషి, ఆయన పక్కన ఏడుస్తూ భార్య, ఇద్దరూ నా ఎదురుగా కూర్చుంటే మొదటి మాట ఏం మాట్లాడాలో నాకు తెలీదు. నా తెలియనితనం వల్ల ఎవరికీ ప్రాణం మీదికి రాకూడదు.

ఆన్‌లైన్‌లో వెతికితే రెండు రోజుల్లో సర్టిఫికెట్ అని ఒకరు, వేలకు వేలు కడితే అంతర్జాతీయ గుర్తింపు అని ఇంకొకరు. ఏది నమ్మాలి? మన దేశంలో ఈ పనికి లైసెన్స్ లాంటిది ఉందా? ఉద్యోగం చేస్తూ నేర్చుకోవచ్చా? ఈ రంగంలో ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

పాత_కౌన్సిలర్_గుంటూరు:

అమ్మా, చేరకముందే ఈ ప్రశ్న అడిగినందుకు చాలా సంతోషంగా ఉంది. ముందు లైసెన్స్ సంగతి. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి, డాక్టరుకి మెడికల్ కౌన్సిల్, నర్సుకి నర్సింగ్ కౌన్సిల్ ఉన్నాయి. వ్యసనాల కౌన్సిలర్‌కి అలాంటి తప్పనిసరి లైసెన్స్ లేదు, అందుకే రెండు రోజుల సర్టిఫికెట్లు అమ్ముడుపోతున్నాయి. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు చేసిన సర్వే ప్రకారం మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. అంత కష్టం మీద గడప తొక్కిన ఆ ఒక్క మనిషి కూడా ఏమీ నేర్చుకోనివాళ్ల చేతిలో పడితే మళ్లీ ఏ సెంటర్‌కీ రాడు. నాకు ఇందులో బాధ అదే.

కేంద్ర గ్రాంటుతో నడిచే సెంటర్లను ఐఆర్‌సీఏలు అంటారు. వాటి సిబ్బందికి ట్రైనింగ్ ఇచ్చే బాధ్యత ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ డిఫెన్స్‌ది, ఎన్ఐఎస్‌డీ అంటారు. మీది ప్రైవేట్ సెంటర్ కాబట్టి దానంతట అది నీ దాకా రాదు, మెయిల్ పెట్టి అడగాలి. రెండోది చెన్నైలో టీటీకే ఆసుపత్రి. శాంతి రంగనాథన్ గారు తాగుడు వల్ల భర్తను పోగొట్టుకున్నాక 1980లో మొదలుపెట్టిన సంస్థ అది, దశాబ్దాలుగా కౌన్సిలర్లను తయారుచేస్తోంది. అక్కడ రోగులూ వాళ్ల కుటుంబాలూ ఉన్న చోటే కూర్చుని నేర్చుకుంటావు, వీలైతే నా ఓటు దానికే. బెంగళూరు నిమ్‌హాన్స్ వాళ్లు ఆన్‌లైన్‌లో కేసు చర్చలు పెడతారు, ఉద్యోగం చేస్తూ వినొచ్చు. మన కేసు మనమే చెప్పుకుని పెద్ద డాక్టర్ల చేత ప్రశ్నలు వేయించుకోవచ్చు.

అంతర్జాతీయం అంటున్నది బహుశా కొలంబో ప్లాన్ అనే అంతర్జాతీయ సంస్థ వాళ్ల యూనివర్సల్ ట్రీట్‌మెంట్ కరికులం గురించి అయ్యుంటుంది, యూటీసీ అంటాం. అది నిజమైనదే. బేసిక్ స్థాయిలో ఎనిమిది కోర్సులు: మత్తుపదార్థం మెదడులో, ఒంట్లో చేసే పని దగ్గర మొదలై చికిత్స దశలు, పక్కనే ఉండే ఇతర మానసిక జబ్బులు, కౌన్సెలింగ్ మెలకువలు, కేసు వివరాలు రాయడం, కేస్ మేనేజ్‌మెంట్, ఆపద సమయంలో ఏం చేయాలి, చివర్లో వృత్తి ధర్మం. ఆ తర్వాత ఐక్యాప్ అని పరీక్ష ఉంటుంది. చదువంతా ఇంగ్లీషే అనుకుని సిద్ధపడు. డబ్బు కట్టే ముందు ఇసప్ అనే అంతర్జాతీయ సంఘంలో చేరు, సభ్యత్వం ఉచితం, క్లాసుల సమాచారం, చదువుకునే సరుకు అక్కడే చాలా దొరుకుతుంది.

అయితే ఏ సర్టిఫికెట్ అయినా నువ్వు రోగితో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని విని, అయ్యాక ఈ మాట ఎందుకన్నావు అని అడిగే మనిషి ఉంటేనే పనికొస్తుంది. సూపర్‌విజన్ అంటారు దాన్ని. నీ సెంటర్‌లో అలాంటి మనిషి లేకపోతే బయట వెతుక్కో, వారానికి ఒక గంట ఫోన్‌లో మాట్లాడినా చాలు.

వార్డు_సిస్టర్:

నేను హైదరాబాద్‌లో సైకియాట్రీ వార్డు నర్సుని. పైన అన్న చెప్పినవన్నీ సరైనవే, కానీ చెల్లీ, నువ్వు ఆ కోర్సులకి వెళ్లేలోపే పేషెంట్లు నీ ముందుకి వస్తారు కదా, అందుకని మొదటి రోజుకే తెలిసి ఉండాల్సింది చెప్తాను. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఆరు గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేవాళ్లకి ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. రెండో రోజో మూడో రోజో ఉన్నచోటు తెలియక, గోడ మీద పురుగులు పాకుతున్నాయని, ఎవరో పిలుస్తున్నారని అంటే అది డెలీరియం, ప్రాణాలు పోతాయి దానితో. కుటుంబం దయ్యం పట్టిందనో నాటకం అనో అంటుంది. నువ్వు కౌన్సెలింగ్ ఆపి డాక్టర్‌ని పిలవాలి. అందుకే ఏ పేషెంట్‌నైనా ముందు అడగాల్సింది ఎందుకు తాగుతున్నావు అని కాదు, చివరిసారి ఎప్పుడు తాగారు, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా అని.

ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ పెట్టించుకుని వచ్చారా అని కూడా అడుగు. ఏళ్ల తరబడి తాగినవాళ్లకి బీ1 విటమిన్ అడుగంటిపోయి ఉంటుంది, దాని ఇంజెక్షన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకి దెబ్బ తగలొచ్చు. అది డాక్టర్ చూసుకునే విషయమే, కానీ ఆ మాట డాక్టర్ చెవిన వేసేది నువ్వే.

ఇంకొకటి, నీది నిజామాబాద్ అన్నావు కాబట్టి ఇది మరీ ముఖ్యం. మీ వైపు కల్లు. చెట్టు కల్లు గురించి కాదు, కల్లు దుకాణాల్లో ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మే కల్తీ కల్లు. 2015లో దాని మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు మీ జిల్లాలో, మహబూబ్‌నగర్ వైపు జనం ఫిట్స్‌తో, మతి తప్పిన మాటలతో ఆసుపత్రులకు వచ్చారు. 2020 లాక్‌డౌన్‌లో ఎర్రగడ్డ ఆసుపత్రి ముందు మళ్లీ అదే. బయటి దేశంలో తయారైన ఏ సిలబస్ కూడా నీకు కల్లు దుకాణం గురించి చెప్పదు. మీ దగ్గర మనిషి "నేను మందు ముట్టను" అంటాడు, నిజమే చెప్తాడు, ఆయన లెక్కలో కల్లు మందు కాదు. ఫారంలో మద్యం లేదు అని టిక్ పెట్టేస్తారు. మూడో రోజు ఫిట్స్ వస్తే ఎందుకొచ్చాయో ఎవరికీ అర్థం కాదు. కాబట్టి కల్లు సంగతి విడిగా అడుగు, ఎన్ని సీసాలు, ఎక్కడ తాగుతారు, ఒక రోజు దొరక్కపోతే ఒంట్లో ఎలా ఉంటుంది. ఆడవాళ్లని కూడా అడుగు, సిగ్గుపడి చెప్పరు, పక్కన ఎవరూ లేకుండా అడుగు. ఆ మత్తుమందులు ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టర్ చూస్తూ మెల్లగా తగ్గించాలి.

ఈ_ఒక్క_రోజు:

నేను తాగుడు నుంచి బయటపడినవాణ్ణి, ఇప్పుడు నాలాంటి వాళ్లకి సాయపడే పియర్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తున్నాను. మొదట నన్ను మా వాళ్లు చేర్పించిన చోట (పేరు వద్దు) మంచానికి గొలుసు వేసి ఉంచారు, రోజూ పొద్దున ఒకాయన వచ్చి నీ పిల్లల ముఖం చూసైనా సిగ్గు రావట్లేదా అని క్లాసు పీకేవాడు. సిగ్గు లేకనా? ఉన్న సిగ్గు మోయలేకే బయటికి రాగానే తాగాను.

అందుకే చెల్లెమ్మా, చట్టం చదువు, అది కూడా ట్రైనింగే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలకి కూడా వర్తిస్తుంది. గొలుసు వేయడం అందులో నిషేధం. సెంటర్ రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదై ఉండాలి. నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్న మనిషిని బలవంతంగా చేర్చుకోవాలన్నా సైకియాట్రిస్టుతో పాటు మరో నిపుణుడు విడివిడిగా పరీక్షించాలి, మొదట 30 రోజులకు మించి ఉంచకూడదు. ఇంట్లోవాళ్లు డబ్బు కట్టారు కదా ఆరు నెలలు తాళం వేసి ఉంచుదాం అంటే కుదరదు. మనిషి చెప్పిన విషయాలు బయటపెట్టకూడదని కూడా అందులోనే ఉంది. గంజాయి కుర్రాళ్లు పోలీసు భయంతో రారు, ఎన్‌డీపీఎస్ అనే మత్తుపదార్థాల చట్టంలో 64ఏ అని ఒక సెక్షన్ ఉంది, కొద్ది మోతాదు కేసులో ఉన్న బానిస తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకి వస్తే కొన్ని షరతులతో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. లాయర్‌ని కలవమని చెప్పడానికైనా అది తెలిసి ఉండాలి.

మాట్లాడే పద్ధతికి మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ నేర్చుకో, విలియం మిల్లర్ అనే అమెరికా సైకాలజిస్టు 1983లో తాగుడు సమస్య ఉన్నవాళ్ల కోసమే మొదలుపెట్టిన పద్ధతి. పేరు పెద్దది కానీ విషయం ఇంతే, మానాలి అని నువ్వు వాదిస్తే ఎదుటివాడు మానక్కర్లేదు అని వాదిస్తాడు, కాబట్టి మానాలనే మాట వాడి నోట రానివ్వాలి. "పొద్దున్నే ఒక్క క్వార్టర్ పడకపోతే పని చేయలేను మేడమ్" అన్నాడనుకో, "అయితే మానెయ్" అనకు. "మందు లేకుండా పనికి వెళ్లిన రోజులు ఎలా ఉండేవి?" అని అడిగి ఊరుకో. ఆ ఊరుకోవడమే కష్టం.

ఒక మాట మా వాళ్ల గురించి కూడా. తాగి మానేసినవాళ్లని నేరుగా కౌన్సిలర్లుగా పెట్టేస్తున్నారు చాలా చోట్ల. అనుభవం గొప్పదే, కానీ నేను ఏ దారిలో మానానో అందరూ ఆ దారిలోనే మానాలి అనే పట్టుదల వస్తుంది, మానడానికి డాక్టర్ ఇచ్చిన మందులు వాడేవాణ్ణి చులకనగా చూడటం వస్తుంది. మాకు కూడా చదువు కావాలి, మా మీద కూడా సూపర్‌విజన్ కావాలి.

ఇందూరు_ఎంఎస్‌డబ్ల్యూ:

అందరికీ చాలా థాంక్స్ అండి. సిస్టర్, కల్లు విషయం మా మేనత్త ఇంట్లో రోజూ చూసేదే, అయినా ఫారంలో విడిగా అడగాలని నాకు తట్టేది కాదు. ఇంకో రెండు అడుగుతాను. స్కూళ్లలో అవగాహన కార్యక్రమాలు కూడా నేనే చేయాలట, దానికి ఏం చదవాలి? రెండోది, తాగుడు మానేలా భర్తకి తెలియకుండా కూరలో కలిపే మందు ఇవ్వండి అని ఆడవాళ్లు వస్తారట, వాళ్లకి ఏం చెప్పాలి?

నర్సీపట్నం_మాస్టారు:

నేను గవర్నమెంటు స్కూల్ టీచర్ని. మా వైపు గంజాయి సంగతి అందరికీ తెలిసిందే. బడి మానేసిన పిల్లలు డబ్బు కోసం మూటలు మోస్తూ జైలుపాలవుతున్నారు, అందుకని నివారణ గురించి గట్టిగానే చెప్తాను. జూన్ 26, మత్తుపదార్థాల వ్యతిరేక దినం వచ్చిందంటే ర్యాలీ, ప్రతిజ్ఞ, పుర్రె బొమ్మ పోస్టర్లు, ఒక పోలీసు అధికారి ఉపన్యాసం, ఫొటో. ఐక్యరాజ్యసమితి డ్రగ్స్ విభాగం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2018లో రెండోసారి తెచ్చిన నివారణ ప్రమాణాల పుస్తకం ఉంది, ఇంటర్నెట్‌లో ఉచితం. భయపెట్టి చెప్పడం, ఉపన్యాసం దంచడం, మాజీ బానిసల చేత కథ చెప్పించడం, ఇవి ఫలితం ఇవ్వవు, ఒక్కోసారి ఎదురు తిరుగుతాయి అని అందులో స్పష్టంగా ఉంది. పనిచేసేది వారానికి ఒకటి చొప్పున పది పదిహేను క్లాసులు, పిల్లలే మాట్లాడుతూ, స్నేహితుడు బలవంతం చేస్తే వద్దని ఎలా అనాలి, కోపం వస్తే ఏం చేయాలి అని ఆడుతూ సాధన చేసేవి. ట్రైనింగ్ తీసుకున్న టీచరు చేయాలి. చికిత్సకి యూటీసీ ఎలాగో నివారణకి యూపీసీ అని వేరే కరికులం ఉంది. కేంద్రం వాళ్ల నవచేతన అనేది టీచర్ల కోసమే చేసింది, దానితో మొదలుపెట్టమ్మా. ఒక్కదానివే ముప్పై స్కూళ్లు తిరగడం కంటే నాలుగు స్కూళ్లలో టీచర్లకి నేర్పు.

ఈ_ఒక్క_రోజు:

మాస్టారూ, నన్ను స్కూళ్లకి పిలుస్తుంటారు, పిల్లలు కళ్లప్పగించి వింటారు. అది పనికిరాదంటే మనసొప్పట్లేదు.

నర్సీపట్నం_మాస్టారు:

మీ మాటకి విలువ లేదని కాదు సార్. ఏడో తరగతి పిల్లాడు మీరు పడిన బాధ కంటే, అంతా చేసి కూడా మళ్లీ బాగుపడ్డాడు అన్నదే గుర్తుపెట్టుకుంటాడు. మా పేరెంట్స్ మీటింగ్‌కి రండి, మా టీచర్లతో మాట్లాడండి. కొడుకు తాగుతున్నాడని తెలిసి కొట్టి గదిలో పెట్టే తండ్రికి మీ మాట కావాలి.

పాత_కౌన్సిలర్_గుంటూరు:

రెండో ప్రశ్నకి నేను చెప్తాను. కూరలో కలపమని ఇచ్చే పొడుల్లో ఏముంటుందో ఎవరికీ తెలీదు. డైసల్ఫిరాం లాంటిదే అయితే, అది ఒంట్లో ఉండగా మద్యం పడితే బీపీ పడిపోతుంది, గుండె కొట్టుకోవడంలో తేడా వస్తుంది, మనిషి పోవచ్చు. ఆయనకి తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ పరీక్షలు చేశాక వాడేది అది. కానీ ఆమెని వద్దు అనేసి పంపకు, దిక్కు తోచక వచ్చింది. ఇంట్లో కొడుతున్నాడా, తిండికి ఉందా, పిల్లలు బడికి వెళ్తున్నారా అని అడుగు. ఆయన రాకపోయినా ఆమె రావచ్చు అని చెప్పు, కుటుంబానికి విడిగా కౌన్సెలింగ్ ఉంటుంది. మీ సెంటర్ దూరమైతే 14446 జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, మనసు బాగోకపోతే 14416 టెలీ మానస్, ఈ రెండు నంబర్లూ కాగితం మీద రాసి చేతిలో పెట్టు.

చేరే ముందు సెంటర్ వాళ్లని మూడు విషయాలు అడుగు తల్లీ, మొహమాటపడకు. రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత, సైకియాట్రిస్టు వారంలో ఎన్ని రోజులు వస్తారు, రాత్రి రెండు గంటలకి ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి, ఏ బండిలో తీసుకెళ్తారు. వాళ్లు ఏమన్నారో ఇక్కడ రాయి, సమాధానం చూసి చేరొచ్చో లేదో చెప్తాం. చెన్నై వెళ్లడానికి సెలవు ఇవ్వనంటే నాకు మెసేజ్ పెట్టు, లెటర్ ఎలా రాయాలో నేను చెప్తాను.