ప్లీడరు కార్పొరేటరైతే ప్రాక్టీసు మానాలా?

కంటోన్మెంట్ వాసి:
విజయనగరం కోర్టులో సివిల్ కేసులు చూస్తుంటాను. ఈసారి కార్పొరేటరుగా నిలబడమని మా వీధివాళ్లు పట్టుబడుతున్నారు. వాన పడితే కాలువ నీరు గుమ్మం దాటుతుంది. ఆ అర్జీలన్నీ రాసింది నేనే మరి. గెలిస్తే నల్లకోటు విప్పాలా? నాకు ముగ్గురు పిల్లలు, అదేమైనా అడ్డమా?

రింగురోడ్డు మాస్టారు:
పిల్లల సంగతి వదిలేయండి బాబూ, ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులన్న నిబంధనను 2024లో తీసేశారు. బార్ కౌన్సిల్ వద్దనేది జీతానికి పూర్తికాలపు ఉద్యోగం. కార్పొరేటరుకు వచ్చేది గౌరవ వేతనమే. అసలు చిక్కు వేరే ఉంది. పన్ను వివాదాల్లో కార్పొరేషన్ మీద వకాల్తా వేసి ఉన్నారా? అయితే నామినేషన్‌కు ముందే అనర్హతల సెక్షన్ చదివి, అవి ఇంకొకరికి అప్పగించండి. ప్రత్యర్థి కూడా ప్లీడరునే పెట్టుకుంటాడు!

కోట దగ్గర కోడలు:
చట్టం సరే అన్నయ్యా, ఓట్ల సంగతి చూడండి. 2021 మార్చిలో మన కార్పొరేషన్‌కు జరిగిన మొదటి ఎన్నికల్లో 50 డివిజన్లకు 48 ఒకే పార్టీకి వెళ్లాయి. స్వతంత్రంగా దిగితే గుర్తు జనానికి తెలిసేలోపే ప్రచారం ముగుస్తుంది. పైగా మేయరును ఎన్నుకునేది కార్పొరేటర్లే, ఎమ్మెల్యే, ఎంపీల్లా పదవి రీత్యా వచ్చే ఎక్స్‌అఫీషియో సభ్యులకూ ఓటుంటుంది. ఒంటరి సభ్యుడిని ఎవరు లెక్కచేస్తారు?

కంటోన్మెంట్ వాసి:
వకాల్తాలు రెండున్నాయి మాస్టారూ, రేపే చూస్తాను. పార్టీ టికెట్టు మాత్రం అడగను చెల్లెమ్మా. కాలువ గురించి కౌన్సిల్‌లో గట్టిగా అడగాలంటే నోరు నాదిగా ఉండాలి.