పాత టేబుల్ రంపానికి ఒకటే బ్లేడా, రెండా?

ప్రాణహిత_కట్టె: సిరొంచలో మూతపడ్డ వర్క్‌షాపు నుంచి పది అంగుళాల టేబుల్ రంపం కొన్నాను. 2 హెచ్‌పీ, సింగిల్ ఫేజ్. బల్ల మీది తుప్పు కిరోసిన్ పోసి రుద్దితే పోయింది. బేరింగులు, బెల్టు కొత్తవి వేశాను. ఎక్కువగా టేకు నిలువునా చీల్చాలి, అప్పుడప్పుడు ప్లైవుడ్. 24 పళ్ల బ్లేడా, 60 పళ్లదా?

బల్లార్షా_కాకా: 40 పళ్లది బిగించు తమ్ముడూ, అన్నిటికీ అదే. మా షాపులో ఎప్పటినుంచో ఒక్కటే.

చేవకర్ర: నిలువు కోతకు 24 ఉండాలి కాకా. పళ్ల మధ్య సందు పెద్దగా ఉంటేనే పొడవాటి పొట్టు బయటికి పోతుంది. లేకపోతే అంచు నల్లగా మాడుతుంది, మోటారు మూలుగుతుంది. ప్లైవుడ్‌కు 60. రెండూ కొనాల్సిందే.

బల్లార్షా_కాకా: మాడేది చెక్కను ఆనించే గైడు వంకరగా ఉంటే. బ్లేడు, బల్ల గాడికి సమాంతరంగా ఉందా? ఒక పంటికి గుర్తు పెట్టి, గాడి నుంచి దాని దూరం ముందొకసారి, వెనక్కి తిప్పి ఒకసారి కొలవాలి. అయోధ్య గుడి తలుపులకు పోయిన టేకు మా వైపుది, మాకు టేకు కొయ్యడం నేర్పుతావా?

చేవకర్ర: తలుపుల ఊసెందుకు? కొలవొద్దని నేనన్నానా? టేకులో సిలికా ఉంటుంది, పదును తొందరగా పోతుంది. అన్నీ ఒక్క బ్లేడుతోనే కోస్తే అది ఎన్నాళ్లు ఆగుతుంది?

గోదారి_గట్టు: పలచ బ్లేడు కొనేముందు దాని వెనకుండే రైవింగ్ నైఫ్ (కోత మూసుకోకుండా ఆపే పట్టీ) మందం చూడండి. బ్లేడు రేకు కన్నా మందం, కోత వెడల్పు కన్నా సన్నం ఉండాలి. 2.5 మి.మీ. నైఫుకు 2.4 కోత బ్లేడు వేస్తే కట్టె అక్కడే ఇరుక్కుంటుంది.

బల్లార్షా_కాకా: మాది ఎప్పుడో పీకి పక్కన పడేశాం.

చేవకర్ర: నేను పనిచేసిన షాపులోనూ ఇంతే. నైఫ్ లేదు, మొద్దుబారిన బ్లేడు ఒకటి. కోత మూసుకుని చెక్క ఎదురుతన్ని కడుపులో తగిలింది. పనికి పోలేని రోజులకు కూలి కోశారు, పాడైన చెక్క డబ్బులూ నా లెక్కలోనే రాశారు.

బల్లార్షా_కాకా: ఎవడో చేసినదానికి నన్నంటావేం? రెండు బ్లేడ్లుంటే పోరగాళ్లు 24తో ప్లైవుడ్ కోసి అంచులు లేపేస్తారు. నట్టు సరిగ్గా బిగించరు.

చేవకర్ర: ఇదీ అసలు సంగతి! పనివాళ్ల మీద నమ్మకం లేదు. ప్లగ్గు పీకాలి, ఫ్లాంజి (బ్లేడును నొక్కిపట్టే బిళ్ల) మీది పొట్టు తుడవాలి, పై పళ్లు మన వైపు చూసేలా పెట్టి బిగించాలి. నేర్పితే రాదా?

బల్లార్షా_కాకా: నేర్పాక మంచిర్యాల పోతారు. నేర్పిన ఖర్చు నువ్విస్తావా?

చేవకర్ర: కూలి సరిగ్గా ఇస్తే ఎందుకు పోతారు?

రంపపు_పొట్టు: అడిగినాయన పారిపోయినట్టున్నాడు.

ప్రాణహిత_కట్టె: ఇక్కడే ఉన్నా. సామాన్లలో నైఫ్ దొరికింది, 2.2 మి.మీ. షాఫ్టు 25.4 మి.మీ. 2.8 మి.మీ. కోత ఉన్న 24 పళ్లది చూస్తున్నా, ముందు దాంతో మొదలుపెడతా. ప్లైవుడ్‌కు మీ 40 పళ్లది వేద్దామంటే రేకు మందం ఎంత కాకా?

బల్లార్షా_కాకా: పొద్దున కొలిచి చెప్తా. నైఫ్ మాత్రం మాకొద్దు.