మెలనోమా తర్వాత ఊపిరితిత్తిలో పెరుగుతున్న నాడ్యూల్: బయాప్సీ చేయించాలా, ఆగాలా?

తెనాలి_కుర్రాడు:
మా నాన్నకు 63 ఏళ్లు. ఎడమ అరికాలిలో నల్ల మచ్చ కనబడితే ముల్లు విరిగి లోపల ఉండిపోయిందనుకుని రెండేళ్లు పట్టించుకోలేదు, పొలంలో చెప్పులేసుకునే అలవాటు లేని మనిషి. 2022లో కోసి పరీక్షకు పంపితే మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) అన్నారు. మందం 3.2 మిల్లీమీటర్లు, గజ్జల్లో నోడ్ (లింఫ్ గ్రంథి) తీసి చూస్తే అందులో ఏమీ లేదు. అప్పటినుంచి చెకప్‌లే. ఇప్పుడు సీటీలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో ఒకే ఒక్క నాడ్యూల్ (చిన్న గడ్డ), నాలుగు నెలల కింద 5 మి.మీ., ఈసారి 8. దగ్గు లేదు, జ్వరం లేదు, బరువు తగ్గలేదు. ఒక డాక్టర్ బయాప్సీ అంటున్నారు. ఇంకొకాయన "మెలనోమా వచ్చిన మనిషికి ఇంకేముంటుందండీ, ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ను కొట్టించే మందు) మొదలుపెట్టేద్దాం" అంటున్నారు. మా బావ అయితే సూది పెడితే పాకుతుంది, కెలకొద్దు అని కూర్చున్నాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. మీరైతే ఏం చేస్తారు?

గోదారిగట్టు:
మీ బావ మాటే కరెక్టు తమ్ముడూ. మా పెద్దనాన్న బాగా తిరిగే మనిషి, బయాప్సీ చేసిన ఆరు నెలలకే పోయాడు. గాలి తగిలితే ఆగదు అది.

స్కాన్_రూమ్:
14 ఏళ్లుగా సీటీ గదిలో టెక్నీషియన్‌ని. గోదారిగట్టు గారూ, తప్పుగా అనుకోకండి, మీ పెద్దనాన్న బయాప్సీ వల్ల పోయారా, లేక అప్పటికే ముదిరిపోయాక బయాప్సీ చేశారా? గాలి తగిలితే పాకడం అన్నది లేదు. సూది వెళ్లిన దారిలో కణాలు అంటుకోవడం ఉంది కానీ చాలా అరుదు. నిజంగా భయపడాల్సింది వేరే, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం. సూది బయాప్సీల్లో నూటికి 20 మందికి అటూఇటూగా వస్తుంది, చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది, కొద్దిమందికే ట్యూబు వేయాల్సి వస్తుంది.

తెనాలి తమ్ముడూ, ముందు ఒక పని చెయ్. రెండు స్కాన్ల సీడీలూ తీసుకెళ్లి ఒకే రేడియాలజిస్టుతో పక్కపక్కన పెట్టించి కొలిపించు. మొదటిది 5 మి.మీ. మందం స్లైసులతో (స్కాన్ పొరలతో), రెండోది 1 మి.మీ. స్లైసులతో తీసి ఉంటే ఆ "పెరిగింది" అన్న మాటే తేడా కొట్టొచ్చు. ఇంత చిన్న వాటిలో ఒకటి, ఒకటిన్నర మి.మీ. తేడా కొలిచే చేతిని బట్టే వస్తుంది.

తెనాలి_కుర్రాడు:
అన్నా, నిజంగానే మొదటిది 5 మి.మీ. స్లైసులు! ఇవాళ మళ్లీ కొలిపించాం, పాతది 6, కొత్తది 8 అన్నారు. మరి 2 మి.మీ.కేనా ఇంత రాద్ధాంతం?

స్కాన్_రూమ్:
అది అడ్డం కొలత. నాడ్యూల్ ఉండలాంటిది కదా, 6 నుంచి 8 అయిందంటే పరిమాణం రెండింతలు దాటినట్టే. కాబట్టి కొలతలో తేడా ఉండొచ్చని తీసేయడానికి లేదు, ఇది పెరుగుతున్నట్టే లెక్క.

వరంగల్_అక్క:
మా ఆయనకు వీపు మీద మెలనోమా తీశాక రెండేళ్లకు ఇలాగే నాడ్యూల్ పెరిగింది. ఇంట్లో ఏడుపులు, మా అత్తగారు మొక్కులు, బంధువులు చివరి చూపుకొచ్చినట్టు వచ్చి పలకరించి పోయారు. బయాప్సీలో తేలింది టీబీ! ఆరు నెలలు మాత్రలు మింగి ఇప్పుడు శుభ్రంగా ఉన్నాడు. పెట్ స్కాన్‌లో (చురుగ్గా ఉన్న కణాలు వెలిగి కనపడే స్కాన్) అది కూడా వెలిగింది మరి, టీబీ కూడా వెలుగుతుందట, మాకప్పుడు తెలియదు. మన దేశంలో ముక్క చూడకుండా ఇది క్యాన్సరే అనేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. పైగా లోపల టీబీ ఉండగా ఇమ్యునోథెరపీ ఎక్కిస్తే టీబీ విజృంభించే ప్రమాదం ఉందని మా డాక్టరే చెప్పారు. ఇంకో మాట తమ్ముడూ, ముక్క తీసేటప్పుడు మొత్తం ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా వేసే మందు నీళ్లు, అందులో వేస్తే టీబీ క్రిములు చచ్చిపోతాయి) వేయనీయకు. టీబీ కల్చర్‌కు (క్రిమిని పెంచి చూసే పరీక్ష), సీబీనాట్‌కు (టీబీ క్రిమి జన్యువును పట్టే పరీక్ష) కొంచెం సెలైన్‌లో వేరే డబ్బాలో పెట్టమని థియేటర్‌లోకి వెళ్లకముందే చెప్పు. మాకు మొదటిసారి అంతా ఫార్మలిన్‌లో వేసి, మళ్లీ పొడిచారు.

ఆస్టిన్_ఛెస్ట్:
ఊపిరితిత్తుల డాక్టర్‌ని, ఫైలు చూడలేదు కాబట్టి ఇది సలహా మాత్రమే. అక్క చెప్పినదానితో ఏకీభవిస్తాను, ముక్క కావాలి. సూదితో తీయాలా అన్న దగ్గర మాత్రం నాకు అనుమానం. కింది భాగంలో 8 మి.మీ. నాడ్యూల్ ఊపిరి పీల్చినప్పుడల్లా డయాఫ్రమ్‌తో (ఛాతీకీ పొట్టకూ మధ్య కండరం) పాటు పైకీ కిందికీ ఊగుతుంది, సూదికి చిక్కడం కష్టం. చిక్కక "క్యాన్సర్ కణాలు కనపడలేదు" అని రిపోర్టు వస్తే హమ్మయ్య అనుకోకండి, దానర్థం క్యాన్సర్ లేదని కాదు. ఒక్కటే నాడ్యూల్, అంచున ఉంది, మనిషి గట్టిగా ఉన్నాడు అనుకుంటే కీహోల్ సర్జరీ (వాట్స్)తో ఆ ముక్కను పూర్తిగా కోసి తీసేయడం మంచిదనుకుంటాను. మెలనోమా అయితే ఆ నాడ్యూల్ వరకు చికిత్స కూడా అయినట్టు, కాకపోతే అనవసరంగా ఇమ్యునోథెరపీ ఎక్కించే తిప్పలు తప్పినట్టు. మామూలు మనుషుల నాడ్యూల్స్‌కు వాడే ఫ్లైష్‌నర్ లెక్కలు (ఎన్నాళ్లకు మళ్లీ స్కాన్ తీయాలో చెప్పేవి) ముందే క్యాన్సర్ వచ్చినవాళ్లకు వర్తించవు, కాబట్టి "ఏడాది తర్వాత చూద్దాం" అనే మాటకు ఒప్పుకోకండి.

బొబ్బిలి_బాలు:
అందరూ కోసేద్దాం అంటున్నారు, నేను కాస్త అడ్డం తిరుగుతాను. 63 ఏళ్ల మనిషికి 8 మి.మీ. దాని కోసం పూర్తి మత్తిచ్చి, ఒకవైపు ఊపిరితిత్తి మూసి ఆపరేషనా? ఆరు వారాలాగి మళ్లీ స్కాన్ తీస్తే మునిగిపోయేదేముంది? తగ్గితే అదేదో ఇన్ఫెక్షన్ అని తేలుతుంది. ముందు పెట్ తీయించండి, ఇంకెక్కడైనా ఉంటే ఊపిరితిత్తిని కోసి ఉపయోగం ఏముంది, అక్కడినుంచే తేలిగ్గా ముక్క తీయొచ్చు కదా.

ఆస్టిన్_ఛెస్ట్:
పెట్ ముందు అన్నది మంచి మాట, ఒప్పుకుంటున్నాను. కాకపోతే 8 మి.మీ. దగ్గర అది వెలగకపోయినా క్యాన్సర్ కాదని చెప్పలేం. ఆరు వారాలు ఆగడం కూడా ఘోరమేం కాదు, ఇప్పటికే ఒకసారి పెరిగిందన్నది గుర్తుంటే చాలు. అరికాలి మెలనోమాకు ఇమ్యునోథెరపీ మిగతా రకాలంత బాగా పని చేయదు, అందుకే ఊహ మీద లక్షల మందు ఎక్కించడం నాకు నచ్చదు. ముక్క ఉంటే బ్రాఫ్, కిట్ పరీక్షలు (ఏ మందు పనికొస్తుందో చెప్పే జన్యు పరీక్షలు) కూడా చేయొచ్చు. 2022లో తీసిన బ్లాకు (మైనంలో దాచిన ముక్క) ల్యాబ్‌లో ఉంటే వాటికి అదైనా పనికొస్తుంది, ఇప్పుడే అడిగి ఉంచుకోండి.

వరంగల్_అక్క:
ఇంతకీ తమ్ముడూ, నాన్నను అడిగారా? బావ, డాక్టర్లు, మేము అందరం మాట్లాడుతున్నాం. ఆయన మాట ఒక్కటీ కనపడలేదు నీ పోస్టుల్లో.

తెనాలి_కుర్రాడు:
అడగలేదక్కా. అరికాలికి కూడా "చెడ్డ పుండు" అనే చెప్పాం అప్పుడు.

తెనాలి_కుర్రాడు:
పెట్ అయింది. నాడ్యూల్ కొద్దిగా వెలిగింది, ఇంకెక్కడా ఏమీ లేదు. నిన్న రాత్రి నాన్నకు చెప్పేశాను, నాకు చేతకాక తడబడుతుంటే ఆయనే "ఆ కాలిదే పైకెక్కిందా?" అన్నాడు. తెలియదు నాన్నా, తీసి చూస్తేగానీ తెలియదు అన్నాను. సూదికీ ఆపరేషన్‌కూ తేడా కాగితం మీద గీసి చూపించాను. రెండుసార్లు పొడిపించుకునే కంటే ఒక్కసారే తీసేయమను అన్నాడు. తర్వాత అడిగిందల్లా ఒకటే, మినుము పీకేలోపు లేచి తిరుగుతానా అని. సర్జన్ వచ్చే వారం డేట్ ఇస్తామన్నారు. బావ మాత్రం అన్నం దగ్గర కూడా మాట్లాడటం లేదు.

బొబ్బిలి_బాలు:
నేనైతే ఆగేవాణ్ణే, కానీ ఆయన ఒళ్లు, ఆయన ఇష్టం. రిపోర్టు వచ్చాక చెప్పు తమ్ముడూ.

స్కాన్_రూమ్:
గుండెకు రక్తం పలచబడే మాత్రలు ఏమైనా వాడుతున్నారా? వాడుతుంటే డేట్ ఇచ్చేటప్పుడే సర్జన్‌కు చెప్పు, కొన్ని ఐదారు రోజుల ముందే ఆపిస్తారు. నీ అంతట నువ్వు మాత్రం ఆపకు. సెలైన్ డబ్బా మాట కూడా మర్చిపోకు.